అమెరికా వలస వీసాల వంతుక్రమము – దాని పూర్వచరిత్ర

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు యథాప్రకారము మమ్ము కోరిరి. పెనుకొండ కోటను గూర్చియు, మన సీమలోని చెరువుల శాసనములను గూర్చియు మేము వెనుకటి సంచికలలో వ్రాసియే యున్నాము. ఈయేడు తాళపత్రములను, రాతిపలకలను ప్రక్కకు పెట్టి, సముద్రమున కావలనున్న యొక శాసనమును గూర్చి వ్రాయుటకు పూనుకొంటిమి. దీనికి కారణము చెప్పవలసియున్నది.

గత దసరాలకు కల్యాణదుర్గము ప్రాంతమునందలి మా స్వగ్రామమునకు పోయియుంటిమి. సాయంకాలము అరుగుమీద కూర్చుండియుండగా, మాకంటె పదియేండ్లు చిన్నవాడైన దాయాది యొకడు వచ్చి ప్రక్కన కూర్చుండి, “అన్నా, మా వొంతు ఎప్పుడొస్తాదో చూసి చెప్పన్నా” అనెను. చెరువునీటి వంతు నడుగుచున్నాడని తలచి మేము నవ్వితిమి; ఆ చెరువు నిండగా మేము చూచిన యేండ్లను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అతడు చొక్కాజేబునుండి నాలుగు మడతల కాగితము తీసి మా చేత పెట్టెను. అమెరికా పౌరురాలైన యతని యక్క తమ్ముని కొరకు 2007లో పెట్టిన అర్జీకి వచ్చిన రసీదు అది. నాడు వాని కూతురికి ఎనిమిదేండ్లు. నేడామెకు పెండ్లియై యొక బిడ్డ. రేపో మాపో పోవుదుమను తలంపున ఈ పదునెనిమిదేండ్లు వాడు పొలములో బోరు వేయింపలేదు, ఇంటికప్పు మార్పింపలేదు. వంతును ముందుకు జరిపింతునని చెప్పిన యొక మధ్యవర్తికి మాత్రము రెండుమారులు రూకలు చెల్లించెను.

ఇట్టి కాగితములు మా యొద్దకు వచ్చుట యిది మొదటిసారి కాదు. మాకు వచ్చినది సంస్కృతమే గాని యీ శాస్త్రము కాదని చెప్పినను ఎవరును వినరు. కావున ఈ వంతు ఎట్లు పుట్టినదో, దాని నెవరు లెక్కింతురో, ఏల యింత యాలస్యమగునో విచారించి, తెలిసినంత మనవారి ముందుంచుచున్నాము.

పూర్వము అమెరికాకు పోవువారి పరీక్ష యంతయు ఓడదిగిన రేవులోనే జరుగుచుండెను. స్వదేశమునందే ఆ దేశపు కాన్సలు నెదుట నిలిచి ముందుగా వీసా పొందవలెననియు, ఆ వీసాలను లెక్కపెట్టి ఏటేట ఇంతేయని యీయవలెననియు కట్టడి స్థిరపడినది 1924వ సంవత్సరపు చట్టముతో. ఆనాటి సంఖ్యలు ఐరోపావారికే గాని మనకు కావు. మనకు తలుపు అంతకుమునుపే మూయబడియుండెను. 1917లో చేసిన చట్టముచేత ఆసియాఖండములో నధికభాగమును గీతగీసి నిషిద్ధమండలముగా చేసిరి. విద్యార్థులు మొదలగు కొందరికి మాత్రము మినహాయింపు కలిగెను. పిమ్మట 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అను పంజాబువాని వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు భారతీయులు శ్వేతజాతివారు కారనియు, పౌరసత్వమున కర్హులు కారనియు తీర్పు చెప్పెను. ఇతడు మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమునందు పనిచేసినవాడే. తాను ఆర్యుడననుట యతని వాదము. ఆర్యశబ్దము భాషకు సంబంధించినదే గాని శరీరమునకు కాదని న్యాయమూర్తు లనిరి. సంస్కృతము చదివిన మాకు ఆ యొక్క మాటలో తప్పు కనబడదు. దానినుండి వారు తీసిన ఫలితముమాత్రము శాస్త్రమునకు చెందినది కాదు, సామాన్యుని యభిప్రాయమునకు చెందినది. ఆ సంగతి వారే యొప్పుకొనిరి.

ఆ తీర్పు వెలువడిన కాలముననే భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరమున విద్యార్థిగా నుండిరి. ఆయన పరిశోధనలవలన లోకమున కెన్ని మందులు దక్కెనో పాఠకు లెరిగినదే. అట్టివాడును 1948లో గతించువరకు ఆ దేశపు పౌరుడు కాలేదు. ఇరువదియైదేండ్లు ఒక దేశమునకు సేవచేసి, పరదేశిగానే కన్నుమూసెను. వీసాకై కష్టపడు నేటి మన యువకులు ఈ సంగతి నొకమారు స్మరించుకొనదగును.

తలుపు తొలుత ఓరగా తెరచినది 1946 జూలై 2వ తేదీన ట్రూమన్ అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము. క్లేర్ బూత్ లూస్ అను శాసనసభ్యురాలును, ఇమాన్యుయేల్ సెల్లర్ అను బ్రూక్లిను సభ్యుడును దీనికి కర్తలు. భారతీయులకు పౌరసత్వము పొందు హక్కును, ఏటికి నూరుగురు వలసపోవు కోటాయు లభించెను. నూరుగు రనగా మన యూరి పెండ్లిలో ఒక పంక్తికైనను చాలరు. అయినను సున్న నూరైనది. వీసాకు సంఖ్య యనునది మనవారి విషయమున ఆనాడు పుట్టినది. నేటి వంతుకు బీజ మదియే.

తరువాత 1965లో అదే సెల్లరు పేరు మరియొక చట్టమున కనబడును. జాతినిబట్టి దేశములకు పెద్దకోటాలు చిన్నకోటాలు పెట్టుట యన్యాయమని, పూర్వార్ధగోళమునందలి దేశములన్నిటికిని ఒకే గరిష్ఠసంఖ్య నేర్పరచిరి: దేశమునకు ఏటికి 20,000. అక్టోబరు 3వ తేదీన జాన్సను అధ్యక్షుడు సంతకము చేసెను. 1968 జూలైనుండి పూర్తిగ అమలయ్యెను. బంధుత్వమునుబట్టియు విద్యనుబట్టియు తరగతు లేర్పడినవి. ఆనాడు మనవారిలో అమెరికా పోవువారే తక్కువ గనుక 20,000 సముద్రమువలె తోచెను. కర్నూలు, గుంటూరు వైద్యకళాశాలలలో చదివినవారు, ఇంజనీర్లు పోయి స్థిరపడిరి. మన అనంతపురము ఇంజనీరింగు కళాశాల 1946లో మదరాసు గిండీలో ప్రారంభమై 1948లో ఇచ్చటికి తరలివచ్చెను. భారతీయులకు నూరు వీసాలు దక్కిన యేడును, మన కాలేజీ పుట్టిన యేడును ఒక్కటే యగుట కాకతాళీయమే యైనను చెప్పుకొనదగియున్నది. తరువాత వాననీటి నాశ్రయించి బ్రతుకలేని మన సీమ, పిల్లల చదువు నాశ్రయించి బ్రతుక నేర్చినది. దారి చూపినవానిలో ఆ కాలేజీ యొకటి.

నేటి లెక్కకు మూలము 1990వ సంవత్సరపు చట్టము. ఇది 1991 అక్టోబరునుండి అమలయినది. దీనిని కొంచెము నిలిచి తెలిసికొనవలెను. అమెరికా పౌరుని భార్య లేక భర్త, తల్లిదండ్రులు, ఇరువదియొక్క యేండ్లు నిండని యవివాహిత సంతానము – వీరికి సంఖ్యాపరిమితి లేదు. కాగితముల పరిశీలనకు పట్టు కాలమే గాని వంతు లేదు. అందుచేతనే కొడుకు పౌరుడైనంతనే ముసలి తలిదండ్రులు పోగలుగుచున్నారు, తోబుట్టువు లరుగుమీద మిగిలిపోవుచున్నారు. తక్కిన బంధువుల కందరికిని కలిపి ఏటికి 2,26,000 వీసాలు. ఉద్యోగముమూలమున పోవువారికి 1,40,000. ఇందు తోబుట్టువుల తరగతికి 65,000. ఉద్యోగపు తరగతులలో మొదటి మూడింటికి ఒక్కొక్కదానికి 40,040. ఇది ప్రపంచమంతటికి. ఇందులో ఏ దేశమునకును నూటికి ఏడింటికి మించరాదు.

మనవారు సామాన్యముగా తెలియక పొరబడు సంగతి యొకటి కలదు. వీసా యొక అర్జీకి ఒకటి కాదు, మనిషి కొకటి. భార్యయు బిడ్డలును వేర్వేరుగా లెక్కకు వత్తురు. తోబుట్టువుల 65,000లో నూటికి ఏడనగా 4,550. ఇంటికి నలుగురు చొప్పున చూచిన, భరతఖండమంతటికి ఏటికి 1,137 కుటుంబములు. పంజాబు, గుజరాతు, కేరళము, తమిళదేశము, మనము – అందరము ఇందులోనే. ఉద్యోగపు రెండవ తరగతి సంగతియు నింతే. స్థూలముగా 2,803 వీసాలు.

మన చెరువులక్రింద నీరుగంటి యుండునుగదా. తూము తెరచుట, మూయుట, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుట వాని పని. అందుకు వానికి మాన్యము కలదు. బుక్కపట్నము, ధర్మవరము చెరువుల క్రింది రైతులకు ఇది చెప్పనక్కరలేదు. అమెరికా విదేశాంగశాఖలోని వీసా కార్యాలయమే యీ వంతునకు నీరుగంటి. దాని యేడు అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగియును. ఏ తరగతిలో ఎందరి కాగితములు సిద్ధముగా నున్నవో లోకమందలి కాన్సలేటులనుండియు, స్వదేశమునందలి వలస కార్యాలయములనుండియు నెలనెల లెక్క తెప్పించుకొని, ఆ నెల ఈయదగిన సంఖ్యతో సరిచూచును. అందరికిని చాలినచో తేదితో పని లేదు. చాలనిచో, ఎవనికడ సంఖ్య ముగిసి పోవునో వాని తేదియే హద్దు తేది. అంతకుముందు తేది గలవానికే వీసా. ఈ హద్దుతేదులను ప్రతిమాసము బులెటినుగా ప్రకటింతురు. ఏడాదినీరంతయు మొదటి నెలలలోనే పారిపోకుండ, మొదటి మూడు త్రైమాసికములలో ఒక్కొక్కదాన నూటికి 27కు మించరాదని చట్టమే తూము బిగించినది.

తేది యనగా బంధువుల విషయమున అర్జీ దాఖలైన దినము. ఉద్యోగపు విషయమున సామాన్యముగా యజమాని కార్మికశాఖకు దరఖాస్తు పెట్టిన దినము. దీనినే మన యువకులు ప్రయారిటీ డేటందురు. మీమాంసకులు కర్మల క్రమమును నిర్ణయించుటకు శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి యని ఆరు ప్రమాణములు చెప్పిరి. అమెరికావారికి మూడు చాలినవి: ఏ తరగతి, ఏ తేది, ఏ దేశమున జననము. బుద్ధిబలము, సంపాదన, చెల్లించిన పన్ను, సచ్ఛీలము – ఇవి తరగతిలో చేర్చుటకు పనికివచ్చునేమో గాని, చేరిన పిమ్మట వంతును జరుపజాలవు. మధ్యవర్తి అంతకంటెను జరుపజాలడు.

జననదేశ మనుచున్నాము, పౌరసత్వము కాదు. అనంతపురమున పుట్టి కెనడా పౌరుడైనవాడును భారతదేశపు వరుసలోనే నిలుచును. రంగూనున స్థిరపడిన తెలుగుకుటుంబమున అక్కడనే పుట్టినవాడు బర్మావరుసలో నిలుచును. భార్యాభర్తలు వేర్వేరు దేశములలో పుట్టినచో, ఎవరి వరుస చిన్నదో దానిని ఇరువురును వాడుకొనవచ్చును. ఈ సంగతి తెలిసినది మొదలు కొందరు సంబంధములు చూచువారు నక్షత్రమునకు ముందు ప్రయారిటీ డేటు నడుగుచున్నారు! జాతకములో ఇది పదమూడవ భావమేమో మాకు తెలియదు. 1882కు పూర్వము మనమందరము బళ్లారి జిల్లావారము. 2022లో మన జిల్లాయే రెండై శ్రీ సత్యసాయి జిల్లా వేరయినది. ఈ మార్పులవలన వంతునకు లాభనష్టములు లేవు. జననపత్రములోని యూరిపేరు, పాసుపోర్టులోని యూరిపేరు ఒకటిగా లేనప్పుడు మాత్రము ప్రశ్నలు తప్పవు. జననము రిజిస్టరు కాని పెద్దలు, పత్రము లభింపలేదని యధికారి యిచ్చు పత్రమును, పెద్దల ప్రమాణపత్రములను ముందే సమకూర్చుకొనుట మేలు. వంతు వచ్చిన పిమ్మట పరుగెత్తిన ప్రయోజనము తక్కువ.

ఇక మా యభిప్రాయము చెప్పెదము. మన చెరువులలో నీటివంతు ఆయకట్టునుబట్టి యుండును. పది యెకరములవానికిని పది కుంటలవానికిని ఒకటే తూమనిన ఏ యూరిలోనైన తగవు పుట్టును. అమెరికా చట్టమున 140 కోట్ల జనమున్న భారతదేశమునకును, నాలుగు లక్షలైన లేని ఐస్లాండునకును హద్దు నూటికి ఏడే. ఇది ద్వేషముచేత చేసినది కాదు. 1965లో జాతిభేదమును తొలగింపదలచి సమానత్వము పేర చేసినది. థిండు కాలమున పుట్టుకనుబట్టి తలుపు మూసిరి. ఆ దోషమును సవరింపబోయి పుట్టినచోటునే మరల వరుసకు కొలతగా పెట్టిరి. చట్టము చేసినవారు దేశములను సమానముగా చూచిరి గాని మనుష్యులను కాదు.

దీనికి మరియొక కారణము తోడయినది. తాత్కాలికముగ పనిచేయుటకు పోవు హెచ్‌-1బి యనుమతి 1990 చట్టముననే యీ రూపము దాల్చెను. కంప్యూటరు పని పెరిగినకొలది దాని సంఖ్య 65,000 నుండి 1,15,000కును, 2001 మొదలు మూడేండ్లు 1,95,000కును పెరిగెను. ఆ కాలముననే మన యూళ్లలో ఇంటింట ఇంజనీరు పుట్టెను. స్థిరనివాసపు 1,40,000 మాత్రము పెరుగలేదు. ముంగిలి వెడల్పు చేసి లోతలుపు నట్లే యుంచిరి. నడవలో జనము నిండెను. ఆరేండ్లకే తిరిగి పోవలెనను నియమమును 2000వ సంవత్సరపు చట్టముచేత సడలించి, వంతులో నున్నవారు పని చేసికొనుచుండవచ్చుననిరి. కాబట్టి నడవలోనే బిడ్డలు పుట్టిరి, పెరిగిరి. ఇక్కడినుండి పసితనమున పోయిన బిడ్డలు ఇరువదియొక్క యేండ్లు నిండగానే తండ్రి వరుసనుండి జారిపోవుచున్నారు. 2002లో చేసిన బాలరక్షణ చట్టము అర్జీ పరిశీలనలో గడచిన కాలమును వయస్సునుండి తీసివేయ ననుమతించును గాని, వంతుకై గడచిన కాలమును తీసివేయదు. మా దాయాది కూతురి సంగతి యంతకుముందే తీరినది. పెండ్లియైన బిడ్డ ఆ వరుసలో బిడ్డ కాదు.

నీరుగంటి లెక్క తప్పుటయు కలదు. 2007 జూలైకి ఉద్యోగపు తరగతులు దాదాపన్నిటికిని హద్దు లేదని ప్రకటించిరి. వేలకొలది జనులు కాగితములు సమకూర్చుకొని పంపగా, జూలై 2న వీసాలన్నియు ముగిసినవని మరల చెప్పిరి. అప్పుడు మన దేశస్థులు చేసిన పని చరిత్రలో వ్రాయదగినది. తిట్టలేదు, రాళ్లు వేయలేదు. వలసశాఖాధికారికి పూలగుత్తులు పంపిరి. గాంధీగిరి యని ఒక హిందీ చలనచిత్రము నేర్పిన మార్గము. జూలై 17న ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఆగస్టు 17వరకు దరఖాస్తులు తీసికొనుట కంగీకరించెను. పూలవలననేనని మేము చెప్పజాలము. వ్యాజ్యములును కోర్టుల కెక్కియుండెను.

ఒకమారు చెరువు పొంగినదియు కలదు. 2020లో మహమ్మారివలన కాన్సలేటులు మూతపడి బంధువుల వీసాలు మిగిలిపోయినవి. ఆ తరగతులలో మిగిలినవి మరుసటియేడు ఉద్యోగపు తరగతులకు చేరవలెనని చట్టము. అందుచేత 1,40,000కు మారుగా 2021లో 2,62,288, 2022లో 2,81,507 లభించెను. మన యువకులలో పలువురు ఆ వరదలో గట్టెక్కిరి. ఆ నీరు ఎక్కడిదని మాత్రము వారడుగలేదు. తలిదండ్రులను, తోబుట్టువులను చేరలేకపోయినవారి వాటా అది. దేశహద్దును తొలగించు బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365 వోట్లకు 65 వోట్లతో నెగ్గెను. 2020 డిసెంబరులో సెనేటు తన రూపము నొకదానిని ఆమోదించెను. రెండును కలిసి చట్టము కాలేదు.

కడకు ఎన్నాళ్లను ప్రశ్న. 2025 అక్టోబరు బులెటినులో ఉద్యోగపు రెండవ తరగతిలో భారతదేశపు హద్దు తేది 2013 ఏప్రిల్ 1. పండ్రెండున్నరయేండ్లు వేచినవానికి నాడు వంతు వచ్చినదని దీనియర్థము. నేడు చేరువానికి పండ్రెండున్నరయేండ్లకు వచ్చునని కాదు. వానికి ముందు 2013 తరువాత చేరినవారందరును నిలిచియున్నారు. కాలెండరులో నెల గడచినంత మాత్రమున హద్దుతేది నెల జరుగదు. ఒక్కొక్కప్పుడు వారము జరుగును, ఒక్కొక్కప్పుడు నిలుచును, ఏడాది చివర వెనుకకును పోవును. ముందున్నవారెందరు, ఏటికి విడుచు వీసాలెన్ని – ఈ రెండే లెక్క. తోబుట్టువుల తరగతిలో 2022 అక్టోబరున 2005లో నుండిన భారతదేశపు తేది మూడేండ్లకు 2006లో చేరినది.

అరుగుమీద కూర్చుండి ఈ లెక్కనే మా దాయాదికి నేలపై సుద్దతో వ్రాసి చూపితిమి. అక్క క్షేమముగా నుండవలెననియు, అర్జీ పెట్టినవారు గతించినచో సామాన్యముగా అర్జీయు చెల్లదనియు, చిరునామా మారినచో తెలియజేయవలెననియు చెప్పితిమి. మధ్యవర్తికి మూడవమారు ఈయవలదంటిమి. వాడు చాలసేపు ఆ యంకెలను చూచి, “అంటే అన్నా, వొంతు ఉండాది కానీ నీళ్లు ల్యావు. అంతేనా?” అనెను. అంతేయని చెప్పితిమి.

కార్తికమాసమున వాడు ఫోను చేసి, తూర్పుచేనిలో బోరు వేయించితినని చెప్పెను. నాలుగువందల యడుగులు దాటిన పిమ్మట తడి తగిలినదట. రసీదు మాత్రము పంచాంగములో భద్రముగానే యున్నదట.